తీగ పరచినందుకా డబ్బు, తీగ పలికినందుకా?

పల్లెలకు బ్రాడ్‌బ్యాండ్ సౌకర్యాన్ని చేర్చే భారత్‌నెట్ పథకాన్ని సవరించి, అందుకు 1,39,579 కోట్ల రూపాయల వ్యయాన్ని కేంద్ర మంత్రివర్గం 2023 ఆగస్టు 4న ఆమోదించింది. అందులో సుమారు 65,000 కోట్ల రూపాయల పనికి 2024 ఫిబ్రవరిలో బి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా 16 ప్యాకేజీలుగా టెండర్లు పిలిచారు. ఆ తరువాత ఒకటొకటిగా పని ఉత్తర్వులు వెలువడ్డాయి. ఇంత ప్రజాధనం ఎవరికి, ఏ లెక్కన, ఏ షరతులపై అప్పగిస్తున్నారన్న చర్చ మాత్రం పత్రికల్లోని షేర్ మార్కెట్ పుటలు దాటి బయటికి రాలేదు. ఏ కంపెనీకి ఎన్ని వేల కోట్ల ఆర్డరు దక్కినది, ఆ ఉదయం దాని షేరు ఎంత ఎగబ్రాకినది అన్నదే వార్త. ఆ తీగ చివర ఉన్న పల్లె గాని, ఆ తీగ తెగినప్పుడు గోతిలోకి దిగి అతుకువేసే కార్మికుడు గాని వార్త కాలేదు.

రైల్వే, తపాలా ఉద్యోగులకు ఈ విషయంతో నిమిత్తమేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. నిమిత్తం రెండు విధాలుగా ఉన్నది. 1985 జనవరిలో విడదీసేవరకు తపాలా, టెలికాం ఒకే శాఖ. నేడు బ్రాంచి పోస్టాఫీసులో పొదుపు ఖాతా మొదలుకొని రిజిస్టరు ఉత్తరం వరకు ప్రతి పనీ నెట్‌వర్క్ మీదనే నడుస్తున్నది. 2025 ఆగస్టు నాటికి దేశంలోని 1,64,000కు పైగా పోస్టాఫీసులు కొత్త సాంకేతిక వ్యవస్థలోకి మారాయి. లైను లేని నాడు కౌంటరు ముందు నిలబడి జనం మాటలు పడేది మంత్రిగారు కాదు, కంట్రాక్టరు అంతకన్నా కాదు. మన బ్రాంచి పోస్టుమాస్టరు పడతాడు. ఇక రైల్వేల విషయానికి వస్తే, 2000 సెప్టెంబరులో ఏర్పడిన రైల్‌టెల్ సంస్థకు రైలుపట్టాల వెంబడి 60,000 రూట్ కిలోమీటర్లకు పైగా ఫైబరు ఉన్నది; అది ఆరువేలకు పైగా స్టేషన్లను తాకుతూ పోతున్నది. పల్లెకు బ్రాడ్‌బ్యాండ్ తీసుకుపోయే మొదటి ప్రయత్నంలో ఆ సంస్థ స్వయంగా భాగస్వామి.

ముందుగా ఈ డబ్బు ఎక్కడిదో చూద్దాం. ఇది ఏ కంపెనీ దానమూ కాదు. ఫోను వాడే ప్రతి పౌరుని బిల్లులోనుంచి వచ్చినది. టెలికాం కంపెనీలు తమ సర్దుబాటు చేసిన స్థూల ఆదాయంలో 5 శాతాన్ని సార్వత్రిక సేవా సుంకంగా చెల్లించాలి. 2002 ఏప్రిల్ 1న ఈ విధానం ప్రారంభమైనది. 2003లో టెలిగ్రాఫ్ చట్టానికి సవరణ ద్వారా చట్టబద్ధమైనది. 2023 నాటి టెలికమ్యూనికేషన్స్ చట్టం ఆ నిధికి డిజిటల్ భారత్ నిధి అని పేరు మార్చింది. సుంకం ముందు భారత సంచిత నిధిలో జమ అవుతుంది. తరువాత పార్లమెంటు మంజూరు చేసినంత మేరకే ఈ నిధికి బదిలీ అవుతుంది. అందుచేత వసూలైన సొమ్ములో పదుల వేల కోట్లు ఏళ్ళ తరబడి ఖర్చు కాకుండా ఉండిపోయాయి. పల్లెవాని పేర వసూలు చేసిన డబ్బు పల్లెకు చేరలేదని మన సంఘాలు మొదటినుంచి చెబుతున్నవే. ఆపరేటర్ల ఆదాయంలో పాకిస్తాన్ 1.5 శాతాన్ని, నేపాల్ 2 శాతాన్ని ఇటువంటి నిధులకు వసూలు చేస్తున్నాయి. మన రేటు వాటికి రెండు మూడింతలు. కనుక డబ్బుకు కొదవ అన్న మాట ఇక్కడ చెల్లదు. పంపిణీ పద్ధతిలోనే చిక్కు ఉన్నది.

2011 అక్టోబరులో మంత్రివర్గం ఆమోదించిన జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ పథకం రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలను ఫైబరుతో కలపాలని తలపెట్టింది. అంచనా సుమారు 20,000 కోట్లు. పనిని టెండరు లేకుండా నామినేషన్ పద్ధతిపై మూడు ప్రభుత్వరంగ సంస్థలకు అప్పగించారు: బి.ఎస్.ఎన్.ఎల్.కు 70 శాతం, రైల్‌టెల్‌కు 15, పవర్‌గ్రిడ్‌కు 15. ప్రయోగాత్మకంగా మూడు బ్లాకులు ఎంచుకున్నారు. రాజస్థాన్‌లోని అరాయిఁను బి.ఎస్.ఎన్.ఎల్., త్రిపురలోని పానీసాగర్‌ను రైల్‌టెల్, మన విశాఖ జిల్లా పరవాడను (నేడది అనకాపల్లి జిల్లాలో ఉన్నది) పవర్‌గ్రిడ్ 2012లో పూర్తిచేశాయి. ప్రయోగం జయప్రదమైనది. అసలు పని మాత్రం నత్తనడక నడిచింది. రెండేళ్ళలో ముగియవలసిన పథకంలో మొదటి లక్ష పంచాయతీలు పూర్తయ్యేసరికి 2017 డిసెంబరు వచ్చింది.

ఆ జాప్యాన్ని చూపి ప్రభుత్వరంగం చేతకానిదని తీర్పు చెప్పినవారు చాలామంది. ఆ తీర్పును మేము అంగీకరించము. అట్లని నామినేషన్ అంటేనే పుణ్యం, టెండరు అంటేనే పాపం అని వాదించబోము కూడా. మూడు సంస్థలూ పైన ప్రభుత్వం నుండి పనిని నామినేషన్‌పై తీసుకుని, కింద కందకం తవ్వకాన్ని, కేబులు పరిచే పనిని చిన్న చిన్న కంట్రాక్టర్లకు టెండర్లపై ఇచ్చాయి. ఇంత లోతు తవ్వినందుకు, ఇన్ని మీటర్ల పైపు పరచినందుకు ఇంత అని బిల్లు. బ్లాకు కేంద్రం నుండి పంచాయతీ వరకు ఒకే సరళరేఖగా తీగ వెళ్ళింది. మధ్యలో ఎక్కడ రోడ్డు వెడల్పు చేసినా, మంచినీటి పైపుకోసం యంత్రం తవ్వినా, ఆ తెగిన చోటినుండి కింది పల్లెలన్నీ మూగబోయాయి. అతుకు వేయించే బాధ్యత ఎవరిదో ఒప్పందంలో స్పష్టంగా లేనప్పుడు, పరచిన కంట్రాక్టరు బిల్లు తీసుకుని వెళ్ళిపోయాడు. పంచాయతీ కార్యాలయంలో పెట్టిన పరికరం బీరువాలో భద్రంగా ఉండిపోయింది. కొన్నిచోట్ల దానికి కరెంటే లేదు. అయినా ఆ పల్లె లెక్కల్లో ‘సర్వీసుకు సిద్ధం’. 2025 నాటి ప్రభుత్వ గణాంకాల ప్రకారం ఇట్లా సిద్ధమైన పంచాయతీలు 2.14 లక్షలు. సిద్ధం అన్న మాటకు, నడుస్తున్నది అన్న మాటకు ఎంత దూరమో పెళ్ళికొడుకు సిద్ధంగా ఉన్నాడన్నంత మాత్రాన పెళ్ళి కాదని తెలిసిన మన పల్లెవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఈలోగా అంచనాలు ఎట్లా మారాయో చూడండి. జె. సత్యనారాయణ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 2015 మార్చిలో ఇచ్చిన నివేదిక పథకానికి 72,778 కోట్లు కావాలన్నది. 2017 జులైలో మంత్రివర్గం మొత్తం 42,068 కోట్లకు ఆమోదం తెలిపింది. ఆ రెండవ దశలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా ఎనిమిది రాష్ట్రాలకు పనిని తామే చేసుకునే వీలు కల్పించారు. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్, తెలంగాణలో టి-ఫైబర్ ఆ కోవలోవే. 2021 జూన్ 30న మరొక మలుపు. 16 రాష్ట్రాలలో ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం అన్నారు. లోటు పూడ్చేందుకు 19,041 కోట్లు ప్రభుత్వం ఇస్తుందన్నారు. టెండరు పిలిచారు. బిడ్డు వేసినవాడు లేడు. లాభం లేని చోటికి ప్రైవేటు పెట్టుబడి తనంతట తాను రాదని ట్రేడ్ యూనియన్లు చెబితే అది సిద్ధాంతం అన్నారు. ఈసారి మార్కెట్టే ఆ మాట చెప్పింది. చివరకు 2022 జులైలో, పథకాన్ని నడిపేందుకు పదేళ్ళ కిందట పెట్టిన భారత్ బ్రాడ్‌బ్యాండ్ నెట్‌వర్క్ సంస్థను బి.ఎస్.ఎన్.ఎల్.లో విలీనం చేయాలని నిర్ణయించారు.

భారం తిరిగి బి.ఎస్.ఎన్.ఎల్. భుజం మీదికే వచ్చింది. కాని అప్పటికి ఆ భుజం ఎట్లా ఉన్నది? స్వచ్ఛంద పదవీ విరమణ పథకం కింద 2020 జనవరి 31న ఒక్కరోజులో 78,569 మంది ఉద్యోగులు ఆ సంస్థనుండి బయటికి నడిచారు. సంస్థలో సగం బలగం అది. అందులో కేబులు జాయింటర్లు, లైన్‌మెన్లు, ప్రతి మండలంలో ఏ రోడ్డు కింద ఏ తీగ ఉన్నదో కళ్ళు మూసుకుని చెప్పగల టెక్నీషియన్లు ఉన్నారు. ముందు పనివారిని ఇళ్ళకు పంపించి, ఆ తరువాత పనిచేయడానికి మనుషులు లేరని పనిని బయటికివ్వడం ప్రభుత్వరంగాన్ని క్షీణింపజేసే పాత పద్ధతే. రైల్వే ఉద్యోగులకు దీన్ని విడమరచి చెప్పనవసరం లేదు. తమ వర్క్‌షాపులలో, సిగ్నల్-టెలికాం శాఖలో ఖాళీలను భర్తీ చేయకుండా పెట్టి పనులను బయటికి పంపడాన్ని వారు ప్రతిరోజూ చూస్తున్నారు.

ఇక ప్రస్తుత టెండర్ల సంగతి. సవరించిన పథకంలో మంచి లేకపోలేదు. ఉన్న మంచిని ఉన్నదని ఒప్పుకోవడం మన సంప్రదాయం. సరళరేఖ స్థానంలో వలయ పద్ధతి వచ్చింది. ఒక వైపు తీగ తెగినా రెండవ వైపు నుండి సేవ అందుతుంది. పరచి వెళ్ళిపోవడం కాక, రూపకల్పన, నిర్మాణం, నిర్వహణ, మరమ్మతు నాలుగూ ఒకే కంట్రాక్టరు బాధ్యత చేశారు. మూడేళ్ళు నిర్మాణం, పదేళ్ళు నిర్వహణ. 2.64 లక్షల గ్రామ పంచాయతీలు లక్ష్యం. సేవా ప్రమాణాలు, జరిమానాలు కూడా షరతులలో ఉన్నాయి. 2024 ఆగస్టు 30 నాటి డిజిటల్ భారత్ నిధి నిబంధనల ప్రకారం ఈ డబ్బుతో నిర్మించిన నెట్‌వర్క్‌ను అందరికీ వివక్ష లేకుండా అందుబాటులో ఉంచాలి. కాగితం మీద ఇవన్నీ గత పాఠాల ఫలితమే.

కీలకం వేరొక చోట ఉన్నది. ఒక్కొక్క ప్యాకేజీ సగటున నాలుగువేల కోట్లు. ఇంత పెద్ద ముద్దలుగా చేసిన పనికి పెద్ద కంపెనీలు, వాటి కూటములే అర్హత పొందగలవు. అర్హత పొందినవారిలో ఎవరు తక్కువ ధర వేస్తే వారికి పని. దానినే ఎల్-1 అంటున్నారు. బెంగుళూరు కేంద్రంగా గల ప్రభుత్వరంగ ఐ.టి.ఐ. కొన్ని ప్యాకేజీలు సంపాదించింది. ఉత్తరాఖండ్, మధ్యప్రదేశ్ ప్యాకేజీలు హైదరాబాదు కేంద్రంగా గల ఎన్.సి.సి.కి దక్కాయి. రైల్వేశాఖ కింది ఆర్.వి.ఎన్.ఎల్. కూడా ఒక ప్రైవేటు కంపెనీతో కూటమి కట్టి రంగంలో దిగింది. పన్నెండేళ్ళ కిందట రైల్వే సంస్థకు హక్కుగా వచ్చిన పనికోసం నేడు మరొక రైల్వే సంస్థ ప్రైవేటువారి చేయి పట్టుకుని క్యూలో నిలబడవలసి రావడం విచిత్రమే!

నిర్వహణకు ఇచ్చే సొమ్మును నిర్మాణ వ్యయానికి ముడిపెట్టారు. మొదటి ఐదేళ్ళు ఏటా నిర్మాణ వ్యయంలో 5.5 శాతం, తరువాతి ఐదేళ్ళు ఏటా 6.5 శాతం. లెక్క వేసి చూద్దాం. ఒక ప్యాకేజీలో నిర్మాణ వ్యయం 1,000 కోట్లు అనుకుంటే, ఏడాదికి 55 కోట్ల వంతున ఐదేళ్ళకు 275 కోట్లు, ఏడాదికి 65 కోట్ల వంతున మరో ఐదేళ్ళకు 325 కోట్లు, వెరసి 600 కోట్లు పదేళ్ళ నిర్వహణకు వస్తాయి. పోటీలో నెగ్గడానికి అదే కంపెనీ నిర్మాణ ధరను 800 కోట్లకు తగ్గించి వేసిందనుకుందాం. అప్పుడు నిర్వహణకు మిగిలేది 480 కోట్లే. కేబులు పొడవు తగ్గలేదు, పల్లెల సంఖ్య తగ్గలేదు, తీగ తెగే సందర్భాలు తగ్గలేదు. తగ్గింది అతుకు వేసేవానికి ఇవ్వవలసిన డబ్బు, 120 కోట్లు. టెండరు గెలవడం కోసం ఒక్కరోజు వేసిన తక్కువ ధర పదేళ్ళపాటు ప్రతి నెలా ఆ కార్మికుని కూలిలోనుంచి వసూలవుతుంది.

అతి తక్కువ ధర తప్ప వేరు మార్గం లేదని అధికారులు చెప్పడం కూడా నిజం కాదు. పనుల టెండర్లలో నాణ్యతకు గరిష్ఠంగా 30 శాతం వరకు మార్కులు ఇచ్చే వెసులుబాటును ఆర్థికశాఖ 2021 అక్టోబరు మార్గదర్శకాలలో స్వయంగా కల్పించింది. తీగ వేయడంకన్నా దానిని పదేళ్ళు బ్రతికించడం ముఖ్యమైన పనికి ఈ వెసులుబాటు అవసరం కాకపోతే మరి దేనికి అవసరం?

ఈ పొదుపు భారం చివరికి ఎవరి మీద పడుతున్నదో గ్రహించడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు. కంపెనీ కింద సబ్ కంట్రాక్టరు, వాని కింద మరొకడు, వాని కింద మేస్త్రీ, అందరి కింద కందకం తవ్వే కూలీ, ఫైబరు అతికే యువకుడు. ఐ.టి.ఐ. చదివిన ఆ యువకునికి నియామక పత్రం ఉండదు, పి.ఎఫ్. ఉన్నదో లేదో తెలియదు. రాత్రి వానలో తీగ తెగితే వెళ్ళేది మాత్రం అతడే. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్లు అమలులోకి తెచ్చారు. 1970 నాటి కంట్రాక్టు లేబర్ చట్టం కింద 20 మంది కార్మికులు ఉంటే కంట్రాక్టరు లైసెన్సు తీసుకోవాలి. కొత్త కోడ్ ఆ సంఖ్యను 50 చేసింది. మండలానికొకడుగా పదిహేను, ఇరవైమందితో పనిచేసే సబ్ కంట్రాక్టరు ఆ మేరకు చట్టం కంటికి కనబడకుండా పోతాడు. వేల కోట్ల ప్రజాధనంతో నడిచే పనిలో చిట్టచివరి చేతికి చట్టరక్షణ లేకుండా చేయడం గర్హనీయం.

పోస్టాఫీసు సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2020-21 బడ్జెట్ ప్రసంగంలో ఆర్థికమంత్రి భారత్‌నెట్‌కు 6,000 కోట్లు ప్రకటిస్తూ, పంచాయతీ స్థాయిలో అంగన్‌వాడీలు, ఆరోగ్య కేంద్రాలు, ప్రభుత్వ పాఠశాలలు, రేషను దుకాణాలు, పోలీస్ స్టేషన్లతో పాటు పోస్టాఫీసులకు కూడా డిజిటల్ సౌకర్యం కల్పిస్తామన్నారు. ఐదేళ్ళ తరువాత 2025-26 బడ్జెట్ ప్రసంగంలో ఇదే భారత్‌నెట్ కింద గ్రామీణ ప్రాంతాలలోని ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలలకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు బ్రాడ్‌బ్యాండ్ అన్నారు. పోస్టాఫీసు ఆ వాక్యంలో లేదు. అదే ప్రసంగంలో మరొక చోట 1.5 లక్షల గ్రామీణ పోస్టాఫీసులను, 2.4 లక్షల డాక్ సేవకులను గ్రామీణ ఆర్థిక వ్యవస్థకు చోదకశక్తిగా మలుస్తామని కీర్తించారు. పొగడ్త తపాలాకు, తీగ ఇతరులకు! పాఠశాలకు, ఆసుపత్రికి ఇవ్వడాన్ని మనం ఆక్షేపించడం లేదు. ఆ భవనాల దాకా వచ్చిన ఫైబరు నాలుగడుగులు వేసి బ్రాంచి పోస్టాఫీసులోకి ఎందుకు రాకూడదన్నదే మన ప్రశ్న. నిన్నటి ఇ.డి. ఉద్యోగి, నేటి గ్రామీణ డాక్ సేవక్, మొబైల్ సిగ్నల్ కోసం చెట్టు కిందికి, మేడ మీదికి వెళ్ళి పింఛను చెల్లించవలసిన అగత్యం ఏమిటి?

కనుక మన ఫెడరేషన్ పక్షాన స్పష్టంగా చెప్పదలచినది ఇది. నిర్వహణ సొమ్మును నిర్మాణ ధర నుండి విడదీయాలి. దానిని ఎంతమంది శాశ్వత, అర్హతగల సిబ్బంది ఎంత నిడివి తీగను చూడగలరన్న లెక్కపై వేరుగా నిర్ణయించి, పోటీకి అతీతంగా ఉంచాలి. ఇప్పటికే ఇచ్చిన ప్యాకేజీలలో ఆ మార్పు సాధ్యం కాదంటే, కనీసం ఇకముందు పిలిచే టెండర్లలో, రాష్ట్రాల ద్వారా నడిచే పనులలో చేయాలి. సేవ నడిచినదా లేదా అన్నది కంట్రాక్టరు కంట్రోల్ రూములో తెర మీద గాక, తీగ చివరన, అంటే పోస్టాఫీసు కౌంటరు వద్ద, పాఠశాల గదిలో కొలవాలి. బిల్లు ఆ కొలత మీదనే చెల్లించాలి. ప్రతి మండలంలో ఏ సబ్ కంట్రాక్టరు పనిచేస్తున్నాడో, ఎంతమందికి ఏ వేతనం చెల్లిస్తున్నాడో పంచాయతీ నోటీసు బోర్డు మీద ప్రకటించాలి. బ్రాంచి పోస్టాఫీసులను, గ్రామీణ రైల్వే స్టేషన్లను తీగ చేరవలసిన స్థలాలుగా ఒప్పందంలో పేరుపేరునా చేర్చాలి. బి.ఎస్.ఎన్.ఎల్.లో క్షేత్రస్థాయి సాంకేతిక సిబ్బంది నియామకాలు చేపట్టాలి. కంట్రాక్టరు పనిని తనిఖీ చేయవలసిన సంస్థకు తనిఖీ చేసే మనుషులే లేకపోతే ఏ షరతు అయినా కాగితమే.

ఈ కోర్కెల వెనుక గట్టి ఆధారాలు ఉండాలి. అందుచేత శాఖా కార్యదర్శులు తమ పరిధిలోని ప్రతి బ్రాంచి పోస్టాఫీసుకు సంబంధించి ఐదు వివరాలు సేకరించవలసిందిగా కోరుతున్నాము: పంచాయతీకి ఫైబరు ఏ సంవత్సరంలో వచ్చింది, గడచిన మూడు నెలల్లో ఎన్ని రోజులు పనిచేసింది, పోస్టాఫీసుకు ఆ ఫైబరు ఎంత దూరంలో ఉన్నది, చెడిపోతే ఎవరికి ఫిర్యాదు చేస్తున్నారు, బాగుచేయడానికి వచ్చే కార్మికునికి ఎవరు ఎంత చెల్లిస్తున్నారు. రైల్వే మిత్రులు తమ స్టేషన్ల పక్కన జరిగిన కందకం తవ్వకాలలో సిగ్నల్ కేబుళ్ళకు కలిగిన నష్టం వివరాలు కూడా జతచేయాలి. అధికారులు చెప్పని అంశాలకు 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి, జవాబు ప్రతులను డివిజన్ కార్యాలయం ద్వారా కేంద్ర కార్యాలయానికి పంపించాలి. కంట్రాక్టు కార్మికుల పేర్లు మాత్రం ఆ నివేదికలలో వ్రాయవద్దు. వారి ఉద్యోగం పోయే ప్రమాదం ఉన్నది.